సముద్రతీరమున నా ఛాయాచిత్రములు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా బ్రదికినవాడను. పిల్లలకు తెలుగు చెప్పుట నా వృత్తి; సముద్రమునొద్ద కూర్చుండుట నా యలవాటు; ఛాయాచిత్రములు తీయుట నా వ్యసనము. ఈ మూడింటిలో మొదటిది 2018వ సంవత్సరమున ఉద్యోగవిరమణముతో ముగిసినది. తక్కిన రెండును నన్ను విడువలేదు, నేనును వానిని విడువలేదు.

రీలు వేసి తీయు పాత కెమెరాను విడిచి, అంకెలతో బొమ్మ నిలుపు డిజిటల్ కెమెరాను నేనెట్లు పట్టితినో, ఆ మార్పునకు నడుమ ఏమి పోగొట్టుకొంటినో, ఏమి నేర్చుకొంటినో ఈ పూట మీకు విన్నవింపదలచితిని. ఇది నా సొంతగొడవయే కదా యని మీరు తలపవలదు. మీ యిండ్ల గోడలమీద పెద్దల ఫోటోలు వ్రేలాడుచున్నవి. ట్రంకుపెట్టెల యడుగున పెండ్లినాటి బొమ్మలున్నవి. వాని క్షేమముకూడ ఈ ప్రసంగములో నిమిడియున్నది.

నేను ఉద్యోగము చేసినది భీమునిపట్నపు ప్రాంతమున. గోస్తనీనది కొండలు దిగివచ్చి సముద్రమున గలియు చోటది. ఒకవైపు కొండమీద నరసింహస్వామి యాలయము, మఱియొకవైపు పూర్వము వర్తకమునకై వచ్చిన డచ్చివారి గోరీలు, నడుమ జాలరుల తెప్పలు, ఆరవేసిన వలలు. 1983లో నేనచ్చట కొలువున చేరునాటికి నాకు సముద్రమనిన కావ్యములలోని వర్ణనమాత్రమే. తండ్రిగారియొద్ద పంచకావ్యములు చదివి, పిదప భాషాప్రవీణ పరీక్ష నిచ్చి వచ్చినవాడను. రత్నాకరుడని, అంబునిధియని పర్యాయపదములు వల్లింపగలను. పోటెప్పుడు వచ్చునో, పాటెప్పుడు దీయునో చెప్పలేను.

ఆ విద్య నాకు నేర్పినవారు జాలరులు. వారు గడియారము చూడరు, తిథి చూతురు. చంద్రుడు దినమునకు సుమారు ఏబది నిమిషము లాలస్యముగా నుదయించును గనుక పోటుకూడ ఆ మేరకే వెనుకబడుచుండును. పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రులు భూమితో నొకేవరుసన నిలిచి యిద్దఱి యాకర్షణమును కలియుటచేత పోటు పెద్దది. అష్టమినాటికి ఇద్దఱును అడ్డముగా లాగుటచేత చిన్నది. ఇది వారికి పుస్తకమున చదివిన పాఠము కాదు. తెప్ప దింపవలసిన వేళ.

ఒకనాడు నేను ఒడ్డున కూర్చుండి, "ఎంత నీరు, ఎంత నీరు! నిరంతరము మనవైపు వచ్చుచునే యున్నది" యని పైకే యనుకొంటిని. ప్రక్కన వల బాగుచేసికొనుచున్న ముసలి జాలరి నవ్వి, "మేస్టారూ, కెరటం వస్తాది గాని నీరు రాదండి. ఆ బెండు చూడండి" యనెను. అతడు చూపిన దిక్కున, విరుగుడు కెరటములకు ఆవల, వలకు గట్టిన బెండు తేలుచుండెను. కెరటము దానిక్రిందినుండి వచ్చినది. బెండు లేచినది, కొంచెము ముందునకు జరిగినది, మరల దిగి తనచోటికే వచ్చినది. కెరటము మాత్రము సాగి వచ్చి మా పాదములయొద్ద విరిగినది.

తరువాత పుస్తకములు చూడగా ముసలివాని మాట శాస్త్రసమ్మతమే యని తెలిసినది. లోతునీటిలో ప్రతి బిందువును చిన్న వలయముగా తిరిగి తనచోటికే చేరును. సాగునది నీరు కాదు, నీటి రూపము. ఒడ్డునొద్ద లోతు తగ్గి కెరటము విరిగినప్పుడు మాత్రమే నీరు ముందునకు దుమికి ఇసుకమీద పాఱును. దూరమున, దక్షిణ మహాసముద్రమున గాలివానలో పుట్టిన యలలు వేలమైళ్లు సాగి మన తీరమును తాకుట కలదు. అచ్చటి నీరు అచ్చటనే యుండును. రూపము మాత్రము నీటినుండి నీటికి అప్పగింపబడుచు మనయొద్దకు వచ్చును. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. తుదకు మరల దీనియొద్దకే వత్తును.

నా మొదటి కెమెరా 1984లో ఒక తోటి ఉపాధ్యాయునియొద్ద కొన్న అగ్ఫా క్లిక్ త్రీ. ఆ దినములలో అది మన దేశమున ఇంటింట పేరుగన్నది. రీలునకు పన్నెండు బొమ్మలు. పన్నెండు మాత్రమే. రీలు వెల, కడిగించు కూలి, కాగితమువెల లెక్కించినచో, నా జీతమున నెలకొక రీలు కూడ భారమే. కనుక ఒక్కొక్క బొమ్మను పద్యపాదమువలె ముందు మనస్సున గుణించుకొని, పిమ్మట మీట నొక్కెడివాడను. గంటసేపు కూర్చుండి ఒక్క బొమ్మయు తీయక తిరిగివచ్చిన ప్రాతఃకాలములు పెక్కులు కలవు.

రీలులో జరుగు పని మీరెఱుగవలెను. పలుచని పట్టీమీద జెలటిన్ అను జిగురుపదార్థము పూసి, అందు వెండి లవణముల కణికలను చల్లియుంతురు. వెలుతురు సోకిన కణికలలో కంటికి కానరాని మార్పు కలుగును. దానిని ఒక ద్రావకమున ముంచినచో వెలుతురు సోకిన కణికలు నల్లని వెండిగా మాఱును. వెలుతురు సోకని లవణమును హైపో యను ద్రావకము కడిగివేయును. హైపోకు వెండిలవణములను కరగించు గుణమున్నదని 1819లో కనిపెట్టినవాడు జాన్ హెర్షెల్ అను ఆంగ్లేయ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. ఇరువదియేండ్లకు, 1839లో, పారిసున దగేర్ తన రాగిరేకు బొమ్మలను లోకమునకు వెల్లడించిన యేడే, ఈ గుణము ఛాయాచిత్రములను స్థిరపఱచుటకు అక్కఱకు వచ్చినది. మన హైదరాబాదున నిజాముగారి యాస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ అద్దపుపలకలమీద పనిచేసినదియు ఈ వెండివిద్యతోనే.

పట్టణమున నొక స్టూడియో యజమాని నాకు కాగితముమీద బొమ్మ వేయుట నేర్పెను. చీకటిగదిలో ఎఱ్ఱదీపము. పళ్లెములో ద్రావకము. తెల్లని కాగితమును ముంచి మెల్లగా కదపుచుండగా, మొదట ఏమియు నుండదు. పిదప ఒక మూల నీడ. పిదప తెప్ప కొన. పిదప మనుష్యుని ముఖము. ఎన్నిమాఱులు చూచినను నాకా క్షణమున ఒడలు గగుర్పొడిచెడిది.

1985 సంక్రాంతి మొదలుకొని నేనొక నియమము పెట్టుకొంటిని. ప్రతి మకరసంక్రాంతి యుదయమున, ఒకే చోట, ఒకే పాతగోడప్రక్కన నిలువబడి, సూర్యోదయపు బొమ్మ నొకటి తీయుట. నా సహధర్మచారిణి ముంగిట ముగ్గుపని ముగించి నాతో వచ్చి ఆ బొమ్మలో నిలుచుండెడిది. మన పండుగలలో సంక్రాంతి సూర్యుని ననుసరించినది. కనుక ఏటేట ఆనాడు సూర్యుడు తూర్పునకు కొంత దక్షిణముగా, దాదాపు ఒకే తావున సముద్రమునుండి పైకివచ్చును. పోటుపాటులో, చంద్రుని ననుసరించును. కావున ఒక యేడు నీరు గోడకు దగ్గఱగా నుండును. మఱియొక యేడు ఇసుక బయలుపడి యుండును. బొమ్మలన్నియు వరుసగా పెట్టినచో సూర్యుడు కదలడు, సముద్రము నిలువదు, నడుమనున్న మనుష్యురాలు మెల్లమెల్లగా పెద్దదగుచుండును. నల్లనిజుట్టు నెరయుట, మోకాళ్లనొప్పిచేత చేతికఱ్ఱ వచ్చుట, అన్నియు అందుండెను.

2011లో ఆమె నన్ను విడిచి వెళ్లినది. తరువాత మూడుమాఱులు గోడను, సముద్రమును మాత్రమే తీసితిని.

2014 అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. హుద్‌హుద్ అను తుపాను విశాఖపట్టణమునొద్ద తీరము దాటినది. గాలివేగము గంటకు 170, 180 కిలోమీటర్లు. మా యింటి పెంకులు ఎగిరిపోయినవి. మేము ప్రాణములు దక్కించుకొంటిమి. నెగటివులును, వానినుండి తీసిన కాగితపు బొమ్మలును ఉన్న ట్రంకుపెట్టె వానలో నిండిపోయి, మూడుదినము లట్లే యుండిపోయెను. తెఱచి చూడగా జెలటిన్ ఉబ్బి, కరగి, పట్టీలన్నియు నొకదానికొకటి అంటుకొని, నల్లని మడ్డి చుట్టయైనవి. విడదీయబోగా బొమ్మ గోళ్లకు అంటి వచ్చెను. ముప్పది సంక్రాంతులు అట్లు పోయినవి. అప్పుడు నాకు తెలిసినది: ఇరువదియారేండ్ల ఆమె ముఖము నాకు బొమ్మలోగాక ఇంకెచ్చటను లేదు. జ్ఞాపకమున నున్నదనుకొంటిని, వెదకికొనగా అది చివరి రోగశయ్యమీది ముఖమే.

తప్పు తుపానుది కాదు, నాది. ముప్పదియేండ్లు బొమ్మలన్నిటిని ఒక్క పెట్టెలో, ఒక్క యింట దాచిన తెలివి నాది.

నెల గడచిన పిదప ముసలి జాలరి కుమారుడు పలుకరింప వచ్చెను. అతని గుడిసెయు కొట్టుకొనిపోయినదే; అయినను పంతులు యోగక్షేమములు కనుగొన వచ్చెను. నా దుఃఖము విని యతడు, "మా అయ్య బొమ్మ మా అప్పగారి యింటికాడ ఉందండి మేస్టారూ. అందులో అమ్మగారూ ఉన్నారు గదా" యనెను. నాకు స్ఫురించినది. 1991 సంక్రాంతినాడు ముసలివాడు తన తెప్పతో బొమ్మలోనికి వచ్చియుండెను. అతడు ముచ్చటపడగా ఒక ప్రతి వేసియిచ్చితిని. అతడు పోయిన పిమ్మట ఆ పటమును కూతురు తన యత్తవారింటికి, సముద్రమునకు దూరమైన గ్రామమునకు తీసికొనిపోయినదట. దాచుకొన్నవన్నియు పోయినవి, ఇచ్చివేసినదొక్కటి మిగిలినది.

మేము పోయి చూచితిమి. పటము పసుపువన్నెకు తిరిగినది, అంచున చెదపట్టినది. కాని యిద్దఱి ముఖములును చెక్కుచెదరలేదు. నా మనుమరాలు దానిని చట్రమునుండి మెల్లగా తీయించి, నీడపట్టున పెట్టి, చేతిఫోనుతో బొమ్మ తీసెను. క్షణములో అది మా అబ్బాయికిని, జాలరి యింటికిని, నా ఫోనునకును చేరెను. "తాతయ్యా, ఇప్పుడిది నాలుగిండ్లలో ఉంది" అన్నది. అంతవఱకు డిజిటల్ కెమెరాను ఆటవస్తువని యీసడించిన నేను ఆనాడు మాఱుమాట పలుకలేదు. 2015 సంక్రాంతికి నాకు అబ్బాయి డిజిటల్ కెమెరా కొనియిచ్చెను.

ఈ కెమెరా యేమి చేయునో పండితుని కన్నుతో చెప్పెదను. అందు రీలునకు మాఱుగా సిలికాను పలక కలదు. పలకమీద కోటికి పైగా చిన్నచిన్న గదులు. వాన కురియునప్పుడు ముంగిట వరుసలుగా కుండలు పెట్టితిమనుకొనుడు. వాన వెలిసిన పిమ్మట ఏ కుండలో నెంత నీరు పడినదో కొలిచి వ్రాసికొన్నచో, ఆ లెక్కయే ఆ వానకు పటము. అట్లే వెలుతురు పడిన కొలది ప్రతి గదిలోను విద్యుత్కణములు చేరును. యంత్రము వానిని కొలిచి అంకె వేయును. కొన్ని గదులకు ఎఱ్ఱ, కొన్నింటికి ఆకుపచ్చ, కొన్నింటికి నీలము మూతలుండును. మన కన్ను ఆకుపచ్చయందు నిశితము గనుక ఆ మూతలు తక్కినవానికి రెట్టింపు. ఒక్కొక్క గదికి లోపించిన రెండు వన్నెలను ఇరుగుపొరుగు గదులనుబట్టి యంత్రము లెక్కగట్టును.

ఇట్టి పలకను 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను ఇరువురు కల్పించిరి. 2009లో వారికి నోబెలు బహుమానమందు పాలు లభించినది. 1975లో ఫిల్ముల వ్యాపారమునకు పేరుపడిన కొడక్ సంస్థలోనే సాసన్ అను యువకుడు దీనితో మొదటి చేతికెమెరా కట్టెను. అందు బొమ్మకు పదివేల చుక్కలు. దానిని పాటల క్యాసెట్టుమీద వ్రాయుటకు 23 సెకండ్లు. నేటి సామాన్యపు ఫోనులో కోటి యిరువది లక్షల చుక్కలు కన్నుమూసి తెఱచునంతలో నిలుచును. కొత్తవిద్యను తనయింట పుట్టించుకొన్న ఆ సంస్థయే దానివెంట వడిగా నడువజాలక, 2012లో దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను.

ఇక అంకెల మాట. ఒక చుక్క వెలుతురును సున్న మొదలు 255 వఱకు గల 256 మెట్లలో నొకటిగా యంత్రము వ్రాయును. ఈ 256 ఏల? ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్తసంఖ్య కాదు. గురులఘువులు రెండే. మూడక్షరములకు వానిని మార్చిమార్చి పేర్చినచో ఎనిమిది గణములు. ఎనిమిదక్షరముల యనుష్టుప్పు పాదమునకు ప్రస్తారము వేసినచో సరిగా 256 వృత్తములు. యంత్రమునకును రెండే గుర్తులు: విద్యుత్తు కలదు, లేదు. ఎనిమిది గుర్తుల వరుసకు 256 భేదములు. పింగళుడు శ్లోకములకై వేసిన ప్రస్తారమును యంత్రము బొమ్మలకై వేయుచున్నది. మూడువన్నెల మెట్లను కలిపినచో 1,67,77,216 రంగులగును. అందఱును వింతయని చెప్పుకొను పని నాకు బాల్యమున తండ్రిగారు పలకమీద వేయించిన ప్రస్తారముగా కనబడినప్పుడు బెరుకు పోయినది.

బెరుకు పోగానే వ్యామోహము పట్టుకొన్నది. మొదటిదినమున ఒక్క యుదయమే రెండువందల బొమ్మలు తీసితిని. ఖర్చు లేదు గదా! సాయంకాలము వానిని తిరుగవేయగా, ఏ కెరటమును చూచినట్లు జ్ఞాపకము లేదు. యంత్రము చూచినది, నేను చూడలేదు. పన్నెండు బొమ్మల దారిద్ర్యము నాకు కన్నిచ్చినదని అప్పుడు గ్రహించితిని. నాటినుండి పూటకు పన్నెండనియే పెట్టుకొంటిని. నేటికిని తప్పలేదు.

మఱియొకటి. రీలు ఎండను కొంత ఓర్చుకొనును. కుండ నిండిన పిమ్మట ఎంత వాన కురిసినను లెక్క పెరుగదు. అట్లే ఈ పలకలో వెలుతురు పొంగిపొరలినచో, అచ్చట తెల్లని మచ్చ తప్ప వివరము మిగులదు. ఉదయసూర్యుడు నీటిమీద తళతళలాడు చోట నా మొదటి బొమ్మలన్నియు ఇట్లే చెడినవి. ఇప్పుడు కొంచెము చీకటిగా తీసి, తరువాత వెలుతురు పెంచుకొందును. నీడ తిరిగి వచ్చును, పొంగిపోయినది తిరిగిరాదు.

ఇక అసలు విషయము. తాటాకు గ్రంథములు మన యిండ్లలో నెట్లు నిలిచినవి? ఆకునకు నూనె పూసిరి, గుడ్డలో కట్టిరి. అయినను పురుగు తిన్నది, చెమ్మ తిన్నది. గ్రంథము నిలిచినది ఆకుచేత కాదు, ప్రతిచేత. ప్రతి తరమున నెవడో గంటము పట్టి మరల వ్రాసెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పంతొమ్మిదవ శతాబ్దమున కడపలో పండితులకు జీతములిచ్చి, వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి, సరిచూపించి, మేలిప్రతులు వ్రాయించినందుననే పెక్కు తెలుగు గ్రంథములు మనకు దక్కినవి. ఎవరును ప్రతి వ్రాయని గ్రంథము ఎంత గొప్పదైనను మాసిపోయినది.

వ్రాతప్రతికి ప్రతి వ్రాసినకొలది తప్పులు చేరును. కాగితపు ఫోటోకు ఫోటో తీసినకొలది స్ఫుటత తగ్గును. అంకెల బొమ్మకు మాత్రము ఆ దోషము లేదు. అంకెలను అంకెలుగా నెత్తివ్రాసినచో నూఱవ ప్రతియు మొదటిదానితో సమానమే. వేదమును పదము, క్రమము, జట, ఘనమని పలువిధముల తిప్పి చదివి, ఒక్క స్వరము తప్పినను పట్టుకొను ఏర్పాటు మనవారు చేసిరి. అంకెలు దాచు యంత్రములలోను, తప్పు దొరలినచో పట్టియిచ్చు సరిచూపు లెక్కలు కలవు.

కాని యిందొక మోసము కలదు, నేనందును పడితిని. "అంకెలకు నాశము లేదు" అను ధీమాతో 2015, 2016 సంవత్సరముల బొమ్మలనన్నిటిని గోరంత కార్డులోనే యుంచితిని. 2017లో నొకనాడు కార్డు పలుకలేదు. బాగుచేయువానికి చూపితిని, ఫలము లేకపోయినది. తాటాకు సగము పురుగు తిన్నను తక్కిన సగము చదువవచ్చును. అంకెలు చెడినచో తఱచు మొత్తమే పోవును. అంతేకాక, అంకెలను చదువుటకు యంత్రము కావలెను. ఇరువదేండ్ల క్రిందట పిల్లలు చదువులు దాచుకొన్న ఫ్లాపీపలకలు నేడు మా యింట నున్నవి. చదువు పెట్టె లేదు. గ్రంథము కలదు, లిపి యెఱిగినవాడు లేడు. కనుక అంకెలకు ప్రతి వ్రాయుట సులభమేగాని, వ్రాయకున్నను నిలుచునని కాదు. రెండుమాఱులు నష్టపడి నేను నేర్చుకొన్నది ఈ యొక్క వాక్యమే.

ఇప్పుడు మీరు చేయదగిన పని చెప్పెదను. కష్టము కాదు.

గోడమీది పాతపటమును ఒక పగటివేళ దింపుడు. తీయునప్పుడు ఎండ నేరుగా పడనీయక, వసారా నీడలో నుంచి, ఫోనుదీపము వేయక, బొమ్మకు సరిగా ఎదురుగా ఫోను పట్టి తీయింపుడు. అద్దము తళుకును చూపును గనుక వీలైనచో అద్దము తీసివేయవలెను. అద్దమునకు బొమ్మ అంటుకొనియున్నచో మాత్రము బలవంతము చేయరాదు, చినుగును. అట్టియెడ కొంచెము ప్రక్కకు జరిగి, తళుకు పడకుండ తీసిన చాలును. పిదప దానిని మూడుచోట్ల నుంచుడు. ఒకటి మీ యింట, ఒకటి వేఱు ఊరిలోని బిడ్డల యింట, ఒకటి కంప్యూటరున గాని దానికి తగిలించు పెట్టెలోగాని. వాట్సాపులో మామూలుగా పంపిన బొమ్మ కుదించుకొనిపోవును. దస్త్రముగా, అనగా డాక్యుమెంటుగా పంపుమని పిల్లలకు చెప్పుడు, అప్పుడు తఱుగదు. ఐదాఱేండ్లకొకమాఱు క్రొత్త పెట్టెలోనికి మార్పింపుడు. ముఖ్యమైన నాలుగు బొమ్మలను మంచి కాగితముమీద వేయించి పొడిచోట నుంచుడు. కాగితమును చదువుటకు కన్ను చాలును. పాతపటమును మాత్రము ఎన్నడును పాఱవేయవలదు.

అన్నిటికంటె ముఖ్యము పేరు. పూర్వపు లేఖకుడు ప్రతి ముగించి, తన పేరును, సంవత్సరమును, తిథిని వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివాడు. జాలరి యింటి పటములో నా భార్యకును ముసలివానికిని నడుమ ఒక చిన్నపిల్లవాడు నిలుచుండి యున్నాడు. వాడెవ్వడో నాకు తెలియదు, జాలరి కుమారునకు తెలియదు, అతని అప్పకును తెలియదు. ముసలివానికి తెలిసియుండును. అతడు పోయి ఎన్నో యేండ్లయినది. ఆ పిల్లవాని ముఖము నేడు నాలుగిండ్లలో భద్రముగా నున్నది; కాని వాడు పేరులేనివాడయ్యెను. ఏ యంత్రమును వానికి పేరు తేజాలదు.

మీ యింట గోడమీద కూర్చున్న ఆ నలుగురిలో ఎడమవైపు తలపాగావా డెవ్వరో మీకు తెలియును. మీ మనుమనికి తెలియదు. ఫోను మనుమనియొద్ద నున్నది, పేరు మీయొద్ద నున్నది. ఈ రెండును కలియవలెను. రేపో మాపో వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ముఖమును వ్రేలితో చూపి, పేరు, వరుస, ఊరు చెప్పి వ్రాయింపుడు. తెలియనిచోట తెలియదని వ్రాయింపుడు, ఊహించి వ్రాయింపవలదు.

నేను నేటికిని సంక్రాంతినాడు ఆ గోడయొద్దకు పోవుదును. హుద్‌హుద్‌లో గోడ సగము కూలినది. మిగిలిన సగముప్రక్కన నా మనుమరాలు నిలుచుండును. 1991 నాటి బొమ్మ నా ఫోనులో నుండును. కాగితము పోయినను, కార్డు పోయినను, ఆ రూపము ఒకదానినుండి మఱియొకదానికి అప్పగింపబడుచు ఇంతదూరము వచ్చినది. ముసలి జాలరి చూపిన బెండు జ్ఞప్తికి వచ్చును. నీరు ఎచ్చటిదచ్చటనే నిలుచును. కెరటము మాత్రము, ప్రక్కనున్న నీరు అందుకొన్నంతవఱకు, సాగుచుండును.

అందుకొనుటకు ప్రక్కన నొకరుండునట్లు చూచుకొనుట మన పని.